ఎల్ పక్కన ఉన్న మీట

అమెరికాలో ఏ దుకాణంలో కంప్యూటర్ కొన్నా, దాని కీబోర్డు మీద ‘ఎల్’ అక్షరానికి కుడిపక్కన సెమికోలన్ మీట ఉంటుంది. ప్రోగ్రాములు రాసేవాళ్లు తప్ప దాని జోలికి వెళ్లేవాళ్లు తక్కువ. స్పెయిన్‌లో అమ్మే కీబోర్డు మీద సరిగ్గా అదే చోట ‘ఎన్యే’ ఉంటుంది. ఎన్యే అంటే నెత్తి మీద చిన్న అల గీసిన ‘ఎన్’. భారత ప్రభుత్వం 1986లో ప్రమాణంగా తెచ్చిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అదే మీట నొక్కితే ‘చ’ పడుతుంది. ప్లాస్టిక్ ముక్క మాత్రం ఒక్కటే. దాని మీద ఏ గుర్తు అచ్చేశారన్నది ఫ్యాక్టరీ వాళ్ల సంగతి. తెర మీద ఏ అక్షరం పడాలన్నది మన ఇష్టం. ఈ రెండో ముక్క ఎవరూ చెప్పకపోవడం వల్లే, భాష నేర్చుకునేవాళ్లు చాలామంది కాగితం మీద చక్కగా రాసి కూడా కంప్యూటర్ ముందు చేతులెత్తేస్తారు.

డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో, కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లోనో పెరుగుతున్న తెలుగు పిల్లల్ని చూడండి. అమెరికా బడుల్లో రెండో భాషగా ఎక్కువమంది చదివేది స్పానిష్. వారాంతంలో తెలుగు తరగతి. అది సిలికానాంధ్ర 2007లో మొదలుపెట్టిన మనబడి కావచ్చు, తానా పాఠశాల కావచ్చు, గుడి హాల్లో ఎవరో ఓపిగ్గా చెప్పే పాఠం కావచ్చు. 2010, 2017 సంవత్సరాల మధ్య అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగిందని అక్కడి సెన్సస్ లెక్కల మీద జరిగిన విశ్లేషణ తేల్చింది కాబట్టి, ఈ పిల్లలు లెక్కలోకి రానంత కొద్దిమందేమీ కాదు. ఒకే పిల్ల ఒకే క్రోమ్‌బుక్ ముందు కూర్చుని మంగళవారం ఎన్యే కోసం, ఆదివారం ‘ణ’ కోసం వెతుక్కుంటుంది. ఆ పిల్ల అమ్మానాన్నలు పొద్దస్తమానం కంప్యూటర్ మీదే పనిచేసేవాళ్లు. అయినా ఇంటి వాట్సాప్ గ్రూపులో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. పిల్లకి సాయం చేయమంటే ‘గూగుల్‌లో వెతికి కాపీ చేసి పేస్ట్ చెయ్యమ్మా’ అంటారు. కాపీ, పేస్ట్ ఒక ‘ణ’కి పనికొస్తుంది గానీ పది వాక్యాల వ్యాసానికి పనికిరాదు.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మీట నొక్కినప్పుడు కంప్యూటర్‌కి చేరేది అక్షరం కాదు, ఒక అంకె. యూఎస్‌బీ కీబోర్డులన్నిటికీ ఉమ్మడి పట్టిక ఒకటుంది. అందులో ‘ఏ’ మీట స్థానం 4, ‘బీ’ 5, ‘కే’ 14, మన సెమికోలన్ 51. కీబోర్డు లోపలి చిప్ ‘51 నొక్కారు’ అని మాత్రమే కబురు పంపుతుంది. అది ఇంటి నంబరు లాంటిది. ఆ ఇంట్లో ఎవరు కాపురముంటున్నారో చిప్‌కి తెలియదు. ఆ సంగతి ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉండే మరో పట్టిక చెబుతుంది. దాని పేరే కీబోర్డు లేఅవుట్. అమెరికన్ లేఅవుట్ పెట్టుకుంటే 51 కాస్తా 59 అవుతుంది, అంటే అన్ని లిపుల అక్షరాలకీ సంఖ్యలిచ్చే యూనికోడ్ పట్టికలో సెమికోలన్ సంఖ్య. స్పానిష్ పెట్టుకుంటే 241, ఎన్యే. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకుంటే 3098, ‘చ’. కాబట్టి కొత్త కీబోర్డు కొనక్కర్లేదు. మీటల మీద స్టిక్కర్లు అంటించక్కర్లేదు. సెట్టింగుల్లోకి వెళ్లి ఇంకో లేఅవుట్ చేర్చుకుంటే చాలు. విండోస్‌లో విండోస్ మీటనీ స్పేస్‌బార్‌నీ, మ్యాక్‌లో కంట్రోల్‌నీ స్పేస్‌బార్‌నీ కలిపి నొక్కితే ఒక లేఅవుట్ నుంచి మరోదానికి మారిపోతుంది. క్రోమ్‌బుక్‌లోనూ కంట్రోల్, స్పేస్‌బార్ జంటే ఆ పని చేస్తుంది.

మరి అమెరికన్ కీబోర్డు మీద మొదటి నుంచీ ఎన్యేకి చోటెందుకు లేదు? జవాబు కోసం విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ దాకా వెళ్లాలి. క్రిస్టఫర్ షోల్స్, ఆయన సహచరులు 1868లో అక్కడ టైప్‌రైటర్‌కి పేటెంట్ తీసుకున్నారు. రెమింగ్టన్ కంపెనీ దాన్ని 1874లో మార్కెట్లోకి తెచ్చింది. ఆ తొలి యంత్రం ఇంగ్లీషుకే పూర్తిగా సరిపోయేది కాదు. దానిలో క్యాపిటల్ అక్షరాలే పడేవి. చిన్న అక్షరాలు 1878లో షిఫ్ట్ మీటతో వచ్చాయి. ఇంగ్లీషు చిన్నక్షరాలకే నాలుగేళ్లు పట్టిన చోట, ఇతర భాషల గుర్తుల గురించి ఎవరు ఆలోచిస్తారు?

ఐరోపా వాళ్లు తరవాత ఒక ఉపాయం కనిపెట్టారు. మామూలుగా మీట నొక్కగానే అక్షరం పడి, కాగితం ఒక అక్షరం మేర పక్కకి జరుగుతుంది. యాక్సెంట్ గుర్తు మీటకి మాత్రం ఆ జరిగే ఏర్పాటు తీసేశారు. గీత పడుతుంది, కాగితం కదలదు. వెంటనే ‘ఈ’ కొడితే ఆ గీత కిందే ‘ఈ’ పడుతుంది. కదలదు కాబట్టి దానికి డెడ్ కీ అని పేరొచ్చింది. ఒక్క మీటతో అయిదు అచ్చులకీ గీత పెట్టొచ్చు. తలకట్టుకీ గుడికీ కొమ్ముకీ విడివిడి మీటలున్న తెలుగు టైపు మిషన్ మీద లోయర్, హయ్యర్ పరీక్షలు పాసైనవాళ్లకి ఈ తర్కం వివరించనక్కర్లేదు.

కంప్యూటర్ల కాలం వచ్చేసరికి కథ వెనక్కి నడిచింది. అమెరికా ప్రమాణాల సంఘం 1963లో తెచ్చిన, అక్షరాలకి సంఖ్యలిచ్చే ఆస్కీ పద్ధతిలో మొత్తం 128 స్థానాలు. యంత్రానికి ఆజ్ఞలిచ్చే 33 పోగా, అచ్చుపడే గుర్తులకి 95 మిగిలాయి. 1967లో దాన్ని సవరించినప్పుడు టిల్డా అనే అలగీతని, ఎడమవైపు వాలే గ్రేవ్ గీతని, టోపీలాంటి సర్కంఫ్లెక్స్‌ని అందులో చేర్చారు. అవి అలంకారానికి పెట్టినవి కావు. ‘ఎన్’ కొట్టి, బ్యాక్‌స్పేస్ కొట్టి, దాని మీదే టిల్డా కొడితే ఎన్యే తయారవ్వాలన్నది ఉద్దేశం. టెలిటైప్ కాగితం మీద అది పనిచేసింది. తరవాత కాగితం పోయి తెర వచ్చింది. తెర మీద బ్యాక్‌స్పేస్ కొడితే వెనక్కి జరగడం కాదు, ఉన్న అక్షరం చెరిగిపోతుంది! మీ కీబోర్డు ఎడమవైపు పైమూల ఆ టిల్డా ఇప్పటికీ ఉంది. వచ్చిన పని వేరు, చేస్తున్న పని వేరు. అయితే దానికి మళ్లీ పాత ఉద్యోగం దొరికింది, ఆ సంగతి కాసేపట్లో.

1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ వచ్చింది. దానిలో 256 అక్షరాల పట్టిక. ఆల్ట్ మీట నొక్కి పట్టుకుని కుడిపక్క అంకెల దిమ్మ మీద 164 కొడితే చిన్న ఎన్యే, 165 కొడితే పెద్దది. విండోస్ వచ్చాక అదే ఎన్యేకి ఆల్ట్‌తో 0241 అనే ఇంకో దారి కూడా ఏర్పడింది. రెండూ నేటికీ పనిచేస్తాయి. అమెరికాలో స్పానిష్, ఫ్రెంచ్ నేర్పే తరగతి గదుల్లో ఈ అంకెల చార్టులు తరాల తరబడి చేతులు మారాయి. నా దృష్టిలో నేర్చుకునేవాళ్లకి ఇంతకన్నా అధ్వాన్నమైన దారి లేదు. ఫోన్ నంబర్లే గుర్తుపెట్టుకోని కాలంలో ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య బట్టీ పట్టాలా? పైగా చాలా ల్యాప్‌టాప్‌లకి అంకెల దిమ్మే లేదు. క్రోమ్‌బుక్‌లో ఈ పద్ధతి అసలు పనిచేయదు.

దీనికి మంచి మందు ఆ పాత డెడ్ కీలోనే ఉంది. లేఅవుట్ల జాబితాలో ‘యునైటెడ్ స్టేట్స్–ఇంటర్నేషనల్’ అని ఒకటి కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుంటే అక్షరాలన్నీ ఉన్నచోటే ఉంటాయి. ఒంటి కొటేషన్ మార్కు కొట్టి ‘ఈ’ కొడితే గీత ఉన్న ‘ఈ’, టిల్డా కొట్టి ‘ఎన్’ కొడితే ఎన్యే. మ్యాక్‌లో లేఅవుట్ కూడా మార్చక్కర్లేదు. ఆప్షన్ మీటతో ‘ఎన్’ కొట్టి, మళ్లీ ‘ఎన్’ కొడితే సరి. ఇంటర్నేషనల్ లేఅవుట్‌తో ఒక చికాకు మాత్రం ఉంది. ఇంగ్లీషు రాస్తూ కొటేషన్ కొడితే అది వెంటనే పడదు, తరవాత వచ్చే అక్షరం కోసం ఎదురుచూస్తుంది. ఆ అక్షరం అచ్చయితే దాని నెత్తికెక్కుతుంది. గుర్తు విడిగా కావాలంటే వెంటనే స్పేస్‌బార్ కొట్టాలి. కొద్దిరోజుల్లో వేళ్లకి అలవాటైపోతుంది. అలవాటు కాకపోతే ఇంగ్లీషుకి మామూలు లేఅవుట్, స్పానిష్‌కి ఇది, రెండూ ఉంచుకోవచ్చు.

ఈ గుర్తుల గొడవ పిల్లల హోంవర్కుతో ఆగలేదు. స్పెయిన్‌లో ఎన్యే లేని కంప్యూటర్లు అమ్మకూడదని నిబంధన ఉండేది. అది స్వేచ్ఛా వ్యాపారానికి అడ్డమని ఐరోపా సముదాయం 1991లో అభ్యంతరం చెప్పింది. స్పెయిన్ వెనక్కి తగ్గలేదు. ఐరోపా దేశాల మాస్ట్రిక్ట్ ఒప్పందంలో సంస్కృతికి ఇచ్చిన మినహాయింపుని పట్టుకుని 1993లో ఆ నిబంధనని నిలబెట్టుకుంది. కాలిఫోర్నియాలో దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరిగింది. ఇంగ్లీషుని అధికార భాష చేస్తూ 1986లో ప్రజలు ఆమోదించిన 63వ ప్రతిపాదన ఆధారంగా, జనన ధ్రువపత్రాల మీద పేర్లలో యాక్సెంట్ గుర్తులు కుదరవన్నారు. వాటిని అనుమతించే బిల్లు 2017లో శాసనసభ దాటింది గానీ గవర్నర్ జెర్రీ బ్రౌన్ వీటో చేశారు. మిగతా ప్రభుత్వ రికార్డులన్నీ మార్చకుండా వీటిని మాత్రమే మార్చడం కష్టం, ఖర్చు అన్నది ఆయన చెప్పిన కారణం. కంప్యూటర్ పట్టికలో చోటు లేదనే సాకుతో పిల్లవాడి పేరులో అక్షరం ఎగిరిపోవడం నాకు మింగుడుపడదు. ఖర్చు మాట నిజమే అనుకున్నా సరే.

అమెరికాకి సొంత భాషలూ ఉన్నాయి, వాటి ఇబ్బంది మరీ ఎక్కువ. హవాయి భాషలో గొంతులో చిన్న ఆపుని సూచించే ‘ఓకినా’ అనే హల్లు ఉంది. చూడ్డానికి తలకిందులైన కామాలా ఉంటుంది, యూనికోడ్‌లో 699. కీబోర్డు మీద కనబడక జనం దాని బదులు అపాస్ట్రఫీ కొడతారు. కంటికి తేడా తెలియదు గానీ, వెతికినప్పుడు కంప్యూటర్‌కి అవి రెండూ వేరు. నవాహో భాషది ఇంకో చిక్కు. దాని అచ్చుకి ముక్కుతో పలికితే కింద కొక్కెం, ఎత్తుగా పలికితే పైన గీత. రెండూ ఉన్న ‘ఏ’కి యూనికోడ్‌లో ఒకే సంఖ్య అంటూ లేదు, కొక్కెం ‘ఏ’ 261 పక్కన కలిపే గీత 769 పెట్టాలి. ఫాంట్ బాగాలేకపోతే ఆ గీత పక్కకి జారిపోతుంది. చెరొకీల కథ కాస్త సంతోషకరం. సెక్వోయా అనే ఆయన 1821 నాటికి తన భాషకి సొంతంగా లిపి తయారుచేశాడు. ఇప్పుడు వాడుకలో ఉన్నవి 85 అక్షరాలు, చాలావరకు ఒక్కోటీ ఒక్కో గుణింతం. 1999లో అది యూనికోడ్‌లో చేరింది, 2010లో ఐఫోన్‌లోకి వచ్చింది. ఒక్లహోమాలో చెరొకీ పిల్లలు తాతమ్మల లిపిలోనే మెసేజిలు పంపుకోగలుగుతున్నారు.

మన లిపి అమెరికా కంప్యూటర్లలోకి వచ్చిన దారి వీటికన్నా చిత్రమైనది. 1990ల ఆరంభంలో అక్కడి విశ్వవిద్యాలయాల్లో చదువుకునే తెలుగు విద్యార్థులు యూజ్‌నెట్ అనే చర్చావేదికలో కబుర్లాడుకునేవారు. అందులో పోయేవి ఆస్కీ అక్షరాలే. తెలుగులో రాయాలంటే ఇంగ్లీషు అక్షరాలే దిక్కు. ఒక్కొక్కరూ ఒక్కోలా రాస్తే చదివేవాడికి నరకం. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఒక పద్ధతి ఏర్పరిచారు. విశ్వవిద్యాలయం పేరు మీద దాన్ని రైస్ ట్రాన్స్‌లిటరేషన్ స్టాండర్డ్ అన్నారు, పొట్టిగా ఆర్‌టీఎస్. అందులో కీలకం షిఫ్ట్ మీట. చిన్న ‘టీ’ కొడితే ‘త’, క్యాపిటల్ ‘టీ’ కొడితే ‘ట’. చిన్న ‘ఎన్’ అయితే ‘న’, పెద్దదైతే ‘ణ’. ‘ల’కీ ‘ళ’కీ అంతే. ఇంగ్లీషులో క్యాపిటల్ అక్షరం వాక్యం మొదట్లోనూ పేర్లకీ తప్ప పెద్దగా పనికిరాదు, శబ్దం మారదు. ఆ వృథాగా ఉన్న తేడాని వీళ్లు నాలుక మడతకి అప్పగించారు. 26 అక్షరాల కీబోర్డులో 50 పైచిలుకు అక్షరాల వర్ణమాల ఒదిగిపోయింది.

ఇక టిల్డా సంగతి. ఆర్‌టీఎస్‌లో ‘ఞ’ రాయాలంటే టిల్డా కొట్టి ‘ఎన్’ కొట్టాలి. స్పానిష్ నేర్చుకునే పిల్ల ఎన్యే కోసం ఇంటర్నేషనల్ లేఅవుట్‌లో కొట్టే మీటలు సరిగ్గా అవే, అదే వరసలో! ఇది కాకతాళీయం కాదు. ఎన్యే పలికేదీ మన ‘ఞ’ పలికేదీ నోట్లో ఒకే చోట, నాలుక నడిమి భాగం అంగిలిని తాకే చోట. సంస్కృతాన్ని రోమన్ లిపిలో రాసే పండితులు ‘ఞ’కి అలగీత ‘ఎన్’నే వాడుతూ వచ్చారు, రైస్ కుర్రాళ్లు ఆ అలని దించి పక్కన పెట్టారు. మనబడి పిల్లకి ఈ ఒక్క సంగతి చూపిస్తే రెండు భాషల టైపింగ్‌కీ ఒకేసారి తలుపు తెరుచుకుంటుంది.

ఆర్‌టీఎస్ అక్కడితో ఆగలేదు. 1998లో మొదలైన ఈమాట వెబ్ పత్రిక తొలి రోజుల్లో అదే దారిన నడిచింది. మరోవైపు, 1991లో కాలిఫోర్నియాలో ఏర్పడిన యూనికోడ్ కన్సార్షియం తెలుగుకి 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాక మామూలు కంప్యూటర్లలో తెలుగు కనబడసాగింది. కనబడటం వేరు, కొట్టగలగడం వేరు. అమెరికాలో ఉంటూ 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకి శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జున, ఆర్‌టీఎస్‌లో రాసినదాన్ని యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ తయారుచేశారు. దాని ఆధారంగా వీవెన్ 2006లో ‘లేఖిని’ తెచ్చారు. ఒక పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే పక్క పెట్టెలో తెలుగు పడుతూ ఉంటుంది. అప్పుడు తెలుగు బ్లాగులు రాసినవాళ్లలో చాలామందికి అక్షరాభ్యాసం లేఖినిలోనే.

ఇలాంటి పనిముట్టు లోపల ఏం చేస్తుందో తెలుసుకోవడం నేర్చుకునేవాళ్లకి మేలు. ‘కే’ కొట్టగానే అది 3093, 3149 అనే రెండు సంఖ్యలు వేస్తుంది, అంటే ‘క’, పొల్లు. తెర మీద ‘క్’. తరవాత చిన్న ‘ఏ’ కొడితే కొత్తగా ఏమీ చేర్చదు, ఆ పొల్లుని తీసేస్తుంది, ‘క’ మిగులుతుంది. ‘ఐ’ కొడితే పొల్లు తీసి గుడి పెడుతుంది. అచ్చు రాకుండా ఇంకో హల్లు వస్తే పొల్లు అలాగే ఉండి, రెండో హల్లు ఒత్తుగా మారుతుంది. అంటే మనం చిన్నప్పుడు నేర్చుకున్న ‘పొల్లుకి అచ్చు కలిస్తే గుణింతం, హల్లు కలిస్తే ఒత్తు’ అన్న సూత్రమే ఇక్కడా నడుస్తోంది.

‘లక్ష్మి’ అని కొట్టి చూడండి. కంటికి రెండక్షరాలే. లోపల ఏడు సంఖ్యలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఇప్పుడు బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కండి. చాలా ప్రోగ్రాముల్లో గుడి మాత్రమే పోయి ‘లక్ష్మ’ మిగులుతుంది. మళ్లీ నొక్కితే ‘లక్ష్’. ఇంకోసారికి ‘లక్ష’. అక్కడ ఆగితే లక్ష్మి కాస్తా లక్ష అయి కూర్చుంటుంది. మళ్లీ నొక్కితే ‘లక్’, తరవాత ‘లక’, ‘ల’, ఖాళీ. తెలుగు కొత్తగా నేర్చుకునే పిల్లలు ఇక్కడ భయపడిపోతారు, కంప్యూటర్ పాడైందనుకుంటారు. నిజానికి సంయుక్తాక్షరం ఎలా కట్టారో విప్పి చూపించే పాఠం ఇంతకన్నా మంచిది నల్లబల్ల మీద దొరకదు. నేనైతే మొదటి టైపింగ్ తరగతిలో కొట్టడం కాదు, చెరపడం నేర్పుతాను.

ఇంకో చిక్కు కంటికి కనబడనిది. ‘సాఫ్ట్’ తరవాత ‘వేర్’ కొడితే నియమం ప్రకారం ‘వే’ పోయి ఒత్తై కూర్చుంటుంది: సాఫ్ట్వేర్. మనకి కావలసింది సాఫ్ట్‌వేర్. మధ్యలో ‘ఇక్కడ కలపొద్దు’ అని చెప్పే గుర్తు పెట్టాలి. దాని సంఖ్య 8204, వెడల్పు సున్న. చాలా తెలుగు పనిముట్లలో దానికి ఒక మీట కేటాయించి ఉంటుంది. ఇంగ్లీషు మాటలు ఇంతగా కలిసిన నేటి తెలుగు ఆ గుర్తు లేకుండా రాయలేం. ఆ గుర్తే ఒకసారి ప్రపంచవ్యాప్తంగా ఐఫోన్లని పడగొట్టింది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ని ఒక ప్రత్యేక వరసలో, అంటే జ, పొల్లు, ఞ, ఈ కలపొద్దు గుర్తు, చివర దీర్ఘం అనే వరసలో మెసేజిగా పంపితే, అందుకున్న ఫోన్‌లో ఆ యాప్ కుప్పకూలేది. కొందరు ఆకతాయిలు దాన్ని ఆయుధంలా వాడుకున్నారు. ఆపిల్ ఫిబ్రవరి 19న మరమ్మతు విడుదల చేసింది. పత్రికలన్నీ ‘తెలుగు అక్షరం ఫోన్‌ని చంపింది’ అని రాశాయి. తప్పు అక్షరానిది కాదు, మన ఒత్తుల లెక్క సరిగ్గా పరీక్షించని కోడ్‌ది.

ఇప్పుడు అసలు తగాదాకి వద్దాం. ఈ రోజుల్లో లేఖిని లాంటి వాటికన్నా తేలికైనవి వచ్చాయి. గూగుల్ ఇన్‌పుట్ టూల్స్, 2019 మేలో విండోస్ 10తో వచ్చిన తెలుగు ఫోనెటిక్ కీబోర్డు, ఫోన్లలోని కీబోర్డులు ఊహించి రాసేవి. వాటికి షిఫ్ట్ అక్కర్లేదు. ఎలా కొట్టినా, ఎక్కువమంది ఆ వరసలో ఏ మాట ఉద్దేశించారో లెక్క చూసి తెలుగు మాటల జాబితా చూపిస్తాయి. కే, ఓ, టీ, ఐ కొడితే కోటి, కోతి రెండూ రావచ్చు, ఒకటి ఎంచుకోవాలి. తెలుగు వచ్చినవాళ్లకి ఇది వరం. ఆ రెంటిలో ఏది ఏదో వాళ్లకి చూడగానే తెలుస్తుంది. నేర్చుకునే పిల్లకి సరిగ్గా ఆ తేడానే తెలియదు. ఆ పిల్ల చెవికి ఇంగ్లీషు ‘టీ’ ఒకటే. అది మన ‘ట’కీ ‘త’కీ మధ్య ఎక్కడో పడుతుంది. జాబితాలో మొదటి మాటని ఎంచుకుని ముందుకుపోతుంది. హోంవర్కు పూర్తవుతుంది, తప్పులు తక్కువే, అమ్మానాన్నలు సంతోషం. ‘ట’, ‘త’ తేడా మాత్రం ఆ పిల్లది కాదు, యంత్రానిది. షిఫ్ట్ నొక్కాలా వద్దా అని ఒక్క క్షణం ఆగి ఆలోచించే పద్ధతిలో, ఆ క్షణమే చదువు. తేలికతనం ఎప్పుడు కావాలో ఎప్పుడు వద్దో పెద్దవాళ్లు చూసుకోవాలి. స్పానిష్‌లోనూ అంతే. ఆటోకరెక్ట్ గీతలు దిద్దిపెడుతుంటే ఏ అచ్చు మీద ఊనిక ఉందో పిల్ల ఎన్నటికీ వినదు.

మరి ఇన్‌స్క్రిప్ట్ సంగతేమిటి? శాస్త్రీయత చూస్తే దానికి సాటి లేదు. అచ్చులు, గుణింతాల గుర్తులు ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి. ‘కే’ మీద ‘క’, షిఫ్ట్‌తో ‘ఖ’. ‘ఐ’ మీద ‘గ’, షిఫ్ట్‌తో ‘ఘ’. ‘ఎల్’ మీద ‘త’, షిఫ్ట్‌తో ‘థ’. ‘ఓ’ మీద ‘ద’, షిఫ్ట్‌తో ‘ధ’. హిందీకీ కన్నడానికీ అదే అమరిక కాబట్టి ఒకసారి వేళ్లకి పట్టుబడితే ఆ లిపులూ కొట్టొచ్చు. చేతులు ఎడమా కుడీ మారుతూ ఆడతాయి, వేగం బాగుంటుంది. కానీ అమెరికా బడిలో చిన్ననాటి నుంచే క్వెర్టీ అనే ఇంగ్లీషు అమరిక నేర్చుకున్న పిల్లకి ఇది రెండో టైపింగ్ విద్య. వారానికి రెండు గంటల తెలుగు తరగతిలో దానికి సమయం చాలదు. హైస్కూల్లో తెలుగు క్రెడిట్ కోసం వ్యాసాలు రాసే వయసొచ్చాక, ఇష్టమున్నవాళ్లకి నేర్పితే బాగుంటుంది. అంతవరకు ఆర్‌టీఎస్ బాట చాలు. ఇక్కడ నాతో ఏకీభవించని టీచర్లు ఉన్నారని తెలుసు. ఇన్‌స్క్రిప్ట్‌తోనే మొదలుపెట్టి నెగ్గుకొచ్చే పిల్లలు ఉంటే నాకు ఆనందమే.

పెద్దయ్యాక తెలుగు నేర్చుకునే అమెరికన్ల అవసరం మరో రకం. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల దశాబ్దాలపాటు తెలుగు నేర్పారు. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి 1985లో ప్రచురించిన వ్యాకరణంలో తెలుగు ఉదాహరణలు రోమన్ అక్షరాల్లో, దీర్ఘానికి పైన అడ్డగీతతో, ‘ట’ ‘డ’ ‘ణ’లకి కింద చుక్కతో ఉంటాయి. షికాగో విశ్వవిద్యాలయం అంతర్జాలంలో ఉంచిన బ్రౌన్ నిఘంటువులోనూ ఆ చుక్కలూ గీతలూ ఎదురవుతాయి. మ్యాక్‌లో ‘ఏబీసీ ఎక్స్‌టెండెడ్’ అనే లేఅవుట్ ఉంది. ఆప్షన్‌తో ‘ఏ’ కొట్టి అచ్చు కొడితే అడ్డగీత, ఆప్షన్‌తో ‘ఎక్స్’ కొట్టి హల్లు కొడితే కింద చుక్క. మళ్లీ డెడ్ కీయే. పరిశోధన వ్యాసం రాసే విద్యార్థికి ఇది తెలిస్తే, ఒక్కో చుక్క కోసం గుర్తుల పట్టికలు తిరగేసే శ్రమ తప్పుతుంది.

వారాంతపు తరగతులు నడిపే పెద్దలకి ఒక విన్నపం. పాఠ్యపుస్తకంలో గుణింతాలు పూర్తయి ఒత్తులు మొదలయ్యే చోట ఒక తరగతి టైపింగ్‌కి కేటాయించండి. పిల్లలందరి కంప్యూటర్లలో ఒకే పద్ధతి పెట్టించండి, ఎందుకంటే ఇంటికో పద్ధతి ఉంటే టీచరు ఎవరికీ సాయం చేయలేరు. కనీసం మొదటి ఏడాది ఊహించి రాసే కీబోర్డులు వాడనివ్వకండి. అమ్మానాన్నలు కూడా ఇంటి వాట్సాప్ గ్రూపుని తెలుగు లిపిలోకి మార్చండి. పిల్లలు రోజూ చదివేది, తిరిగి రాయాలని ఉబలాటపడేది అదే.